కోటలు పట్టిన చేతులతో కాలువలు త్రవ్విన సైనికుడు

జనరల్ సర్ ఆర్థర్ కాటన్ జీవితము, విశ్వాసము



తొలకరి పడిన దినములలో మన ప్రాంతమున ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట వినబడును. గుడ్లవల్లేరు బజారులోనైనా, కౌతవరం చెరువు గట్టునైనా, గుడివాడ బస్టాండులోనైనా, ఆదివారము ఆరాధన ముగించుకొని గుడి మెట్లు దిగుచున్నప్పుడైనా, "కాలువకు నీళ్లు వదిలారా?" అనునదే ఆ మాట. నీళ్లు వస్తే నారుమళ్లు పడును. నారు ఎదిగితే ఊడ్పులు సాగును. ఊడ్పులు సాగితే కూలి ఉండును. కూలి ఉంటే పొయ్యి వెలుగును. బెజవాడ దగ్గర తలుపులెత్తిన నీటి మీద బందరు వరకు, దివిసీమ వరకు ఎన్ని లక్షల ఇండ్లలోని అన్నము ఆధారపడియున్నదో ఆలోచించండి.

ఈ నీటిని గూర్చి మాట్లాడునప్పుడు మన పెద్దలు తప్పక తలచు పేరు ఒకటున్నది. అది "కాటన్ దొర" పేరు. మన సంఘములలో కొందరు ఇంకొక మాట కూడ చేర్చుదురు: "ఆయన మనవాడేనండీ, క్రైస్తవుడు." ఆ మాట నిజమే. అయితే ఆ మాట చెప్పి తృప్తిపడి ఊరకుండుట చాలదని నా మనవి. ఆయన ఒక సైనికుడు. యుద్ధములో కోటలపైకి దండును నడిపించినవాడు. అట్టివాని చేతులను దేవుడు ఏ పనికి వాడుకొన్నాడు? ఆ పనివలన ఎవరికి మేలు కలిగినది, ఎవరికి కలుగలేదు? ఆయన విశ్వాసమునుండి నేడు మనము నేర్చుకొనవలసినది ఏమి? ఈ నెల ఈ సంగతులను కుటుంబముగా ధ్యానించుదము.

పదునైదేండ్ల క్యాడెట్టు

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో జన్మించారు. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ తండ్రికి పదకొండుమంది కుమారులు. వారిలో ఆర్థర్ పదియవవాడు. ఇంటినిండ బిడ్డలున్న కుటుంబములో చిన్నవానికి ఆస్తి మీద ఆశ తక్కువ. తన బ్రతుకు తాను చూచుకొనవలసినదే. ఆయన పదునైదేండ్ల వయస్సులో ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరారు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో అధికారియై, 1821లో, అనగా పద్దెనిమిదేండ్లకే, మన దేశమునకు వచ్చారు.

1824లో బర్మా యుద్ధము మొదలైనది. ఆ యుద్ధములో యువ అధికారి కాటన్ కోటలమీదికి, దుంగలతో కట్టిన దడి కోటలమీదికి ముందు వరుసలో దండును నడిపించారు. అట్టి దాడులు ఏడింటిలో ఆయన పాల్గొన్నారు. 1826 వరకు సాగిన ఆ యుద్ధములో బ్రిటిషు పక్షమున సుమారు 15,000 మంది మరణించారనియు, వారిలో అత్యధికులు తూటాలవలన గాక జ్వరములవలన, విరేచనములవలన మరణించారనియు చరిత్రకారులు చెప్పుదురు. ఇరువది మూడేండ్లు నిండకముందే ఆయన ఎన్ని శవములను చూచియుండునో మనము తెలిసికొనగలము.

బైబిలులో సైనికులను గూర్చి చదువునప్పుడు మనకు వెంటనే జ్ఞాపకము వచ్చువాడు కొర్నేలీ. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము చూడండి. ఆ శతాధిపతి కత్తి కట్టుకొన్నవాడే. అయినను ఆయన ప్రార్థనలను, ధర్మకార్యములను దేవుడు జ్ఞాపకము చేసికొన్నాడు. ఆర్థర్ కాటన్ కూడ అట్టి భక్తిగల సైనికుడు. క్రీస్తును స్వంత రక్షకునిగా అంగీకరించి, బైబిలును ప్రేమించి, సువార్త పరిచర్యకు తోడ్పడినవాడు. ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి మరణించిన మరుసటి సంవత్సరము, 1900లో, ఆయన జీవిత చరిత్రను ప్రచురించారు. తండ్రి విశ్వాసమునకు ఆ గ్రంథము బిడ్డ యిచ్చిన సాక్ష్యము. లోకములో మన సాక్ష్యము ఎట్లున్నను, మన ఇంటి బిడ్డలు మనలను గూర్చి ఏమి వ్రాయుదురో అదే నిజమైన సాక్ష్యము కదా!

ఇసుకమీద పునాది

యుద్ధము తరువాత కాటన్‌కు అప్పగింపబడిన పని నీటిపని. తమిళ దేశములో కావేరి, కొళ్ళిడం నదుల దగ్గర ఆయన ఏండ్ల తరబడి పనిచేశారు. అక్కడ చోళరాజుల కాలమునాటి కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట ఉన్నది. ఆ ఆనకట్ట ఆయనకు గురువైనది.

ఎట్లనగా, మన నదుల అడుగున ఎంత త్రవ్వినను ఇసుకే. రాయి తగలదు. ఇసుకమీద ఇల్లు కట్టుకొన్న బుద్ధిహీనుని ఉపమానము మనకు తెలిసినదే. ఇంజనీర్లు కూడ అట్లే భయపడేవారు. అయితే పూర్వపు మన దేశస్థులు ఆ ఇసుకలోనే నిలుచు ఆనకట్టను కట్టారు. పెద్ద రాళ్లను నదిలో వేయుదురు. వరద వచ్చి వాటి క్రింది ఇసుకను కోసివేయును. రాళ్లు క్రుంగును. మరల రాళ్లు వేయుదురు. మరల వరద వచ్చును. ఇట్లు కొన్ని వరదలు గడచిన పిమ్మట ఆ రాళ్లు ఇక కదలకుండ కుదురుకొనును. దాని మీద కట్టడము నిలుచును. ఈ విద్యను తాము ఈ దేశపు ప్రాచీన పనివారి దగ్గరనే నేర్చుకొన్నామని కాటన్ దాపరికము లేకుండ ఒప్పుకొన్నారు. పాలించు జాతికి చెందిన అధికారి, పాలింపబడు జాతి పనివారిని గురువులుగా ఒప్పుకొనుట ఆ దినములలో చిన్న సంగతి కాదు. దీనమనస్సు పెదవులమీద కాదు, ఇట్టి చోటనే కనబడును.

1836 నాటికి కొళ్ళిడం మీద ఆయన కట్టించిన ఆనకట్టలు తంజావూరు పొలములకు తిరిగి ప్రాణము పోశాయి. ఆరోగ్యము చెడి విశ్రాంతికొరకు వెళ్లిన కాలములో, 1841లో, ఎలిజబెత్ లియర్‌మాంత్ అను యువతిని వివాహము చేసికొన్నారు. మన దేశపు ఎండలో, జ్వరములలో ఆయన ప్రక్కన నిలిచిన సాటియైన సహాయము ఆమె.

కరువు చూచిన డెల్టా

ఇప్పుడు మన ప్రాంతమునకు వచ్చెదము. నేడు పచ్చగా కనబడు ఈ భూమి ఆ దినములలో ఎట్లుండెనో తెలిస్తే కన్నీళ్లు వచ్చును. 1832, 1833 సంవత్సరములలో వచ్చినది నందన కరువు. ఐదు లక్షలమంది ఉన్న గుంటూరు జిల్లాలో సుమారు రెండు లక్షలమంది మరణించారని అప్పటి అంచనా. బందరు వైపున కూడ ఆ కరువు జనులను మ్రింగినది. రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనసంఖ్య, 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయినది. మరణించినవారు కొందరు, పొట్టచేత పట్టుకొని వలసపోయినవారు కొందరు.

ఇంతకంటె బాధకరమైన సంగతి ఏమనగా, ఈ జనులు ఎడారిలో మరణించలేదు. కృష్ణ, గోదావరి నదులు నిండుగా పారి సముద్రములో కలియుచుండగా ఆ గట్లమీదనే ఆకలితో మరణించారు. ఒక ఏడు వరద ఊళ్లను ముంచును, మరుసటి ఏడు చుక్క నీరు లేక పంట ఎండును.

1844లో ప్రభుత్వము పంపిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ రాజమండ్రి జిల్లాను పరిశీలించి, నీటిపనులు ఎరిగిన ఇంజనీరు ఒకరిని నియమించవలెనని వ్రాశారు. ఆ పనికి కాటన్ వచ్చారు. అప్పుడాయన విశాఖపట్నము వైపున ఉన్నారు. డెల్టా అంతయు తిరిగి చూచి 1844, 1845 సంవత్సరములలో నివేదికలు పంపారు. గోదావరికి అడ్డుకట్ట వేసి, కాలువలు త్రవ్వి, ఆ కాలువలను పడవలు నడచుటకు కూడ వీలుగా చేయవలెనని ఆయన పథకము.

ధవళేశ్వరము దగ్గర

1847లో ధవళేశ్వరము దగ్గర పని మొదలైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకల మధ్య, మొత్తము సుమారు 12,000 అడుగుల పొడవున కట్ట వేయవలెను. కొండను పగులగొట్టి రాయి తీసి, పట్టాలమీద బండ్లలోను, పడవలలోను చేర్చేవారు. వేలాదిమంది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు అక్కడ గుడారములు, గుడిసెలు వేసికొన్నారు. ఆ జనులను పోగుచేసి పని నడిపించుటలో వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి కాటన్‌కు కుడిభుజమై నిలిచారు. దొర పేరు చెప్పుకొను మనము వీరన్న పేరును మరువరాదు.

పని మొదలైన మరుసటి సంవత్సరమే కాటన్ ఆరోగ్యము కూలిపోయినది. 1848లో ఆయన పనిని కెప్టెన్ చార్లెస్ ఆర్ అను తన సహాయునికి అప్పగించి, ఆస్ట్రేలియాకు వెళ్లి రెండేండ్లు విశ్రాంతి తీసికొనవలసి వచ్చెను. తన జీవితములోని గొప్ప పని సగమైన కాకముందు విడిచి ఓడ ఎక్కుట ఎంత కష్టమో ఆలోచించండి. మనలో అనేకులు ఇట్టి దినమును ఎరిగియున్నాము. పొలము నడిమి దుక్కిలో ఉండగా మంచము పట్టినవారున్నారు. గుడి గోడలు లేచుచుండగా బదిలీ అయిన పాదిరిగారున్నారు. పని మనది కాదు, దేవునిది అను సంగతిని అప్పుడే నేర్చుకొందుము. మోషే నెబో కొండమీద నిలువగా, జనులను నడిపించుటకు యెహోషువ సిద్ధముగా ఉండెను. కాటన్ 1850లో తిరిగి వచ్చునప్పటికి కెప్టెన్ ఆర్ పనిని నమ్మకముగా నడిపించియుండెను. 1852లో గోదావరి ఆనకట్ట పూర్తియైనది.

కృష్ణమ్మ మీద ఆనకట్ట

మన కృష్ణా డెల్టాకు నీరు ఇచ్చినది ఆ కెప్టెన్ ఆర్ చేతిపనియే. కృష్ణకు బెజవాడ దగ్గర అడ్డుకట్ట వేయవచ్చునని 1792లోనే మేజర్ బీట్సన్ అను అధికారి సూచించారు. అరువది ఏండ్లు ఆ సూచన కాగితముల మీదనే ఉండిపోయినది. ఆ మధ్యనే నందన కరువు వచ్చి పోయినది. చివరకు గోదావరి పని చూపిన ధైర్యముతో 1852లో కెప్టెన్ ఆర్ బెజవాడ, సీతానగరము కొండల మధ్య పని మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు. ధవళేశ్వరములో గురువు దగ్గర నేర్చుకొన్న విద్యయే ఇక్కడ పనికివచ్చినది.

ఆ ఆనకట్ట సుమారు నూరేండ్లు మన పూర్వికులకు అన్నము పెట్టినది. 1952లో దానికి గండి పడినది. ఆ పిమ్మట 1954 నుండి 1957 వరకు కట్టినదే ప్రకాశం బ్యారేజి. గోదావరి మీద కూడ పాత ఆనకట్ట స్థానములో 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కట్టిన బ్యారేజికి కాటన్ పేరే పెట్టారు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకము మొదలైనప్పటినుండి గోదావరి నీరు కృష్ణకు చేరి మన కాలువలలోనికి వచ్చుచున్నది. నదులను కలుపవలెనని నాడే తలంచిన ఆయన కల మన తరమున కొంత నెరవేరినది.

ఈ పనుల ఫలము 1876లో కనబడినది. ధాత కరువు అని పెద్దలు చెప్పు ఆ మహా కరువులో, 1878 వరకు, దక్షిణ దేశమున లక్షలాదిమంది మరణించారు. అయితే ఆనకట్టల నీరు పారిన కృష్ణా, గోదావరి డెల్టాలు ఆ మృత్యువును తప్పించుకొన్నవి. అంతేకాదు, ఇతరులకు ధాన్యము పంపగలిగినవి. నలువది ఏండ్ల క్రిందట ఆకలితో పారిపోయిన నేల, యోసేపు కాలమందలి ఐగుప్తువలె, ఇతరులకు ధాన్యపు కొట్టైనది.

పనివారి మధ్య సువార్త

ఆనకట్ట కట్టుచోట రాళ్లు మాత్రమే కాదు, మనుష్యులును పోగైరి. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను సేవకులు గోదావరి డెల్టాలో పరిచర్య చేయుచుండిరి. వారు ధవళేశ్వరములో ఆ కూలీల మధ్యకు వెళ్లి సువార్త ప్రకటించారు. వేర్వేరు ఊళ్లనుండి వచ్చి, ఊరి బయట బ్రతికిన మాలలు, మాదిగలు, ఆ వాక్యమును తమ పల్లెలకు తీసికొనిపోయిరి.

మన కృష్ణా వైపున 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు బందరులో దిగి పరిచర్య మొదలుపెట్టిరి. బెజవాడలో ఆనకట్ట పూర్తియైన మూడేండ్లకు, 1858లో, డార్లింగ్ దొర అక్కడ కాపురముండెను. మరుసటి సంవత్సరము, 1859లో, రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు ఆయనను కలిసికొని, ప్రభువును అంగీకరించి బాప్తిస్మము పొందిరి. వెంకయ్యగారు పండితుడు కాడు, ధనికుడు కాడు. అయినను ఆయన సాక్ష్యముచే ఎన్ని పల్లెలు వెలుగు చూచెనో మన సంఘముల చరిత్ర చెప్పును.

కాటన్ దగ్గర పనిచేసిన సైనిక ఇంజనీర్లలో ఇంకొక విశ్వాసిని కూడ జ్ఞాపకము చేసికొనవలెను. ఆయన ఫీలిక్స్ హేగ్. ఎగువ గోదావరిలో పడవలు నడచుటకై దుమ్ముగూడెము దగ్గర పనులు చేయించుచు, అడవిలోని కోయ జనులకు సువార్త చెప్పువారు లేరని ఆయన భారపడెను. అక్కడ కోయల మధ్య మిషను మొదలగుటకు ఆయనయే కారకుడు. ఆయన కచేరీలో పనిచేసిన వెంకటరామ రాజుగారు ప్రభువును నమ్ముకొని కోయల మధ్య పరిచారకుడాయెను. జనరల్ పదవితో విరమించిన హేగ్ వృద్ధాప్యములో, సువార్తకు ద్వారములు ఎక్కడున్నవో చూచుటకై ఎర్ర సముద్రపు తీరములు, అరేబియా తిరిగి వచ్చెను. పింఛను తీసికొన్న సైనికునికి విశ్రాంతి కుర్చీ ఒకటే గతి అని ఎవరనిరి?

నెగ్గని వాదములు

పరిశుద్ధ గ్రంథము దావీదు తప్పులను దాచలేదు, పేతురు తప్పులను దాచలేదు. కాటన్ విషయములో మనము కూడ దాచరాదు.

ఆయన మాట ఘాటు. పై అధికారులతో పడేది కాదు. రైళ్లకంటె పడవలు నడచు కాలువలే దేశమునకు మేలని ఆయన పట్టుపట్టారు. ఆ వాదము నెగ్గలేదు. 1878లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ ముందు, డెబ్బది అయిదేండ్ల వయస్సులో, మరల అదే సాక్ష్యము చెప్పారు. అప్పుడును నెగ్గలేదు. ఆయన ప్రోత్సాహముతో ఒక కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ ఆశించిన ఆదాయము తేలేదు. చివరకు 1882లో ప్రభుత్వము దానిని కొనవలసి వచ్చెను. డెల్టాలో గెలిచిన పద్ధతి రాయలసీమ నేలలో అట్లే గెలువలేదు.

ఇంకొక సంగతి. ఆయన సేవించినది లాభము కోరు కంపెనీని. పన్నులు పెరుగునని లెక్క చూపినప్పుడే ఆ కంపెనీ ఆనకట్టలకు డబ్బు ఇచ్చినది. ఆకలి తీర్చుట అను మాట ఒక్కటే చెప్పియుంటే ఆ డబ్బు వచ్చియుండేది కాదు.

అన్నిటికంటె మన ఇండ్లకు దగ్గరగా తగులు సంగతి ఒకటున్నది. కాలువ నీరు పొలమున్నవాని పొలమునకు పారినది. ఆ కాలువను తట్ట, పార పట్టి త్రవ్వినవారిలో అనేకులకు సెంటు భూమి లేదు. వారికి కూలి దొరికినది, కరువులో ప్రాణము దక్కినది. అది చిన్న మేలు కాదు. అయినను తాము త్రవ్విన కాలువలోనే నీళ్లు ముంచుకొనుటకు వారిని దూరముగా నిలువబెట్టిన దినములున్నవి. నేడు మన పేటల గుడులలో కూర్చొను అనేకుల తాతముత్తాతలు వారే. కనుక "కాటన్ దొర మనవాడు" అని చెప్పునప్పుడు, "ఆ మట్టి మోసినవారును మనవారే" అని కూడ చెప్పవలెను. దొర పేరు విగ్రహము మీద ఉన్నది. వారి పేర్లు గొఱ్ఱెపిల్ల జీవగ్రంథమునందున్నవని నమ్ముచున్నాము.

సాయంకాలపు వెలుగు

1860లో కాటన్ మన దేశపు కొలువు విరమించారు. 1861లో ఆయనకు సర్ బిరుదము వచ్చినది. తరువాతి కాలములో జనరల్ పదవియు దక్కినది. మిగిలిన దినములు ఇంగ్లండులో, ఎక్కువగా డార్కింగ్ అను చిన్న పట్టణములో గడిపారు.

ఆ వృద్ధాప్యములో ఆయన ఏమి చేశారు? తన తోటలో లోతుగా నేల త్రవ్వి, గోధుమలు ఎంత ఎక్కువ పండించవచ్చునో ప్రయోగములు చేశారు. 1876లో, డెబ్బది దాటిన వయస్సున, అరబ్బీ భాష సులువుగా నేర్చుకొనుటకు ఒక చిన్న వాచకము ప్రచురించారు. ఆయన కుమార్తె ఆ పట్టణములోనే పనివారు సారాయంగడులకు పోకుండ కాఫీ గది తెరిచి, అక్కడ వారికి వాక్యము చెప్పేది. తండ్రి విశ్వాసము బిడ్డలో ఫలించుట ఆయన కన్నులారా చూచారు.

1899వ సంవత్సరము జూలై 24వ తేదీన, తొంబది ఆరేండ్ల వయస్సున, ఆయన ప్రభువునందు నిద్రించారు. బర్మా కోటల దగ్గర ఇరువది రెండేండ్లకే ముగిసిపోదగిన ప్రాణమును దేవుడు డెబ్బదికి పైగా ఏండ్లు పొడిగించెను. ఎందుకొరకో ఈ డెల్టాయే సాక్షి.

నేడు కోనసీమలోను, గోదావరి గట్లమీదను రైతులు ప్రతి మే 15న ఆయన విగ్రహమునకు దండలు వేయుదురు. కొందరు బ్రాహ్మణ పెద్దలు స్నానమాడు వేళ ఆయన పేరు తలచుకొందురు. అది చూచి మనము నవ్వరాదు. అన్నము పెట్టినవానిని మరువకుండుట మన తెలుగు నేల గుణము. అయితే ఆ ఘనత తనకు కాక, వానను, నదిని, బుద్ధిని ఇచ్చిన దేవునికి చెల్లవలెనని ఆ భక్తుడు కోరియుండును.

మన వంతు

ప్రియులారా, కథ వినుట సులువు. మన వంతు ఏమి?

ఆదికాండము 26వ అధ్యాయములో ఇస్సాకు తన తండ్రి త్రవ్వించిన బావులను, ఫిలిష్తీయులు పూడ్చివేసిన వాటిని, మరల త్రవ్వించెను. కాలువలు త్రవ్వినవారు పోయారు. వాటిని పూడ్చుచున్నది ఎవరు? గుఱ్ఱపు డెక్క అల్లుకొన్న మురుగు కాలువలను చూడండి. ఇంటి చెత్త, కోళ్ల వ్యర్థము, ప్లాస్టిక్ సంచులు ఎక్కడికి పోవుచున్నవో చూడండి. ఫిలిష్తీయులు ఎక్కడనుండియో రానక్కరలేదు, మన చేతులే చాలును.

మరియొకటి. కాలువకు తల ఉన్నది, శివారు ఉన్నది. తల దగ్గరవాడు తూము పెద్దది చేసికొంటే, ఇంజన్లు పెట్టి తోడుకొంటే, శివారువాని నారు ఎండును. సముద్రము దగ్గర ఊళ్లలో ఉప్పు నీరు పైకి తన్నును. శివారు రైతు రాత్రిళ్లు నీటికి కాపలా పడుకొనుట మనకు తెలిసినదే. విశ్వాసి పొలము తలవైపున ఉన్నదా? అయితే ఆతని విశ్వాసమును కొలుచు కొలబద్ద అతడు పాడు పాట కాదు, శివారువానికి అతడు విడిచిన నీరు. పొలము లేనివాడవా? కాలువ గట్టు శుభ్రముగా ఉంచుట, నీటిని పాడుచేయకుండుట నీ చేతిలోనే ఉన్నది. కూలికి వచ్చినవారికి కూలి నిలుపకుండుట పొలమున్నవాని చేతిలో ఉన్నది. యాకోబు పత్రిక 5వ అధ్యాయము దీనిని గూర్చి ఏమి హెచ్చరించుచున్నదో ఈ రాత్రి చదువండి.

చివరగా, మన ఊళ్లలో సైన్యమునుండి పింఛనుతో తిరిగివచ్చిన అన్నలు, బాబాయిలు ఉన్నారు. మంచు కొండలలో, ఎడారులలో కాపలా కాసి వచ్చినవారు. ఊరికి వచ్చిన తరువాత తమకు పనిలేదనుకొని కొందరు క్రుంగిపోవుదురు, కొందరు త్రాగుడులో పడుదురు. సంఘ పెద్దలారా, వారిని పిలువండి. క్రమశిక్షణ, ఓర్పు, నలుగురిని కలుపుకొని పనిచేయు నేర్పు వారి దగ్గర ఉన్నవి. ఆదివారపు బడికి, యువజన కూటమికి, గట్టు బాగుచేయు పనికి, వరద దినములలో ముసలివారిని తరలించుటకు వారికంటె తగినవారెవరు? ఒక సైనికుని చేతులను దేవుడు ఎట్లు వాడుకొనెనో మన కాలువలో పారు నీరే చెప్పుచున్నది.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన ఇంటిముందు పారు నీటికొరకు దేవునికి చివరిగా ఎప్పుడు కృతజ్ఞత చెప్పితిమి?

2. మన పొలము తరువాతి పొలము ఎవరిది? వారికి నీరు అందుచున్నదా?

3. సగములో విడువవలసివచ్చిన పని ఏదైనను మన మనస్సును బాధించుచున్నదా? దానిని దేవుని చేతికి అప్పగించితిమా?

4. మన సంఘములోని మాజీ సైనికులెవరు? ఈ వారము వారి ఇంటికి వెళ్లి పలుకరించి, వారితో కలిసి ప్రార్థించగలమా?

నదులను కలుగజేసిన దేవుడు మన ఇండ్లను, పొలములను, శివారు పల్లెలను ఆశీర్వదించి, మన చేతులను కట్టుటకే గాని కూల్చుటకు కాకుండ కాపాడును గాక. ఆమేన్.